కొండబాట సైకిలు – స్ప్రింగుల కథ

ఒకప్పుడు మన ఊళ్లలో రైలు దిగినవారికి స్టేషను బయట రెండు రకాల బండ్లు కనిపించేవి: గుర్రపు జట్కాలు, ఎడ్లబండ్లు. దారి ఒకటే, గతుకులూ ఒకటే. అయినా జట్కాలో ఇల్లు చేరినవారికీ, ఎడ్లబండిలో చేరినవారికీ నడుము నొప్పిలో చాలా తేడా ఉండేది. జట్కా ఇరుసుకూ పైనున్న పెట్టెకూ నడుమ కమాను పట్టీలు ఉండేవి. చక్రము గుంటలో పడినప్పుడు ఆ పట్టీలు వంగి, కుదుపును తమలో దాచుకొని, మెల్లగా వదిలేవి. ఎడ్లబండికి ఆ అమరిక లేదు. చక్రము ఎంత లేస్తే బండిలోని మనిషీ అంత లేవవలసినదే.

జట్కాకు అంత చక్కగా కుదిరిన కమాను సైకిలుకు ఎందుకు కుదరలేదు? సైకిలు పుట్టి నూరేండ్లు గడిచిన తరువాత గాని, రెండు చక్రాలకూ స్ప్రింగులున్న సైకిలు కొండదారులలో నిలదొక్కుకోలేదు. స్ప్రింగు సంగతి తెలియక కాదు ఈ ఆలస్యము. జట్కాలో లాగేది గుర్రము, కూర్చునేది మనిషి. కమాను ఊగడములో గుర్రము శ్రమ కొంత వృథా అయినా కూర్చున్నవాడు లెక్క అడగడు. సైకిలు మీద లాగేవాడూ కూర్చునేవాడూ ఒక్కడే. ఆరోగ్యముగా ఉన్న సామాన్యుడు గంటల తరబడి ఇవ్వగల సామర్థ్యము సుమారు 75 నుంచి 100 వాట్లు మాత్రమే. ఒక అశ్వసామర్థ్యము 746 వాట్లు అని మనము చదువుకొన్నాము గదా! అందులో ఎనిమిదో వంతో, పదో వంతో మన కాళ్లలో ఉన్నదన్నమాట. ఆ కాస్త సొత్తును ఎవరు దొంగిలించినా తెలిసిపోతుంది.

రాళ్ల దారిలో ఆ సొత్తుకు ఇద్దరు దొంగలు ఉన్నారు. మొదటివాడు కుదుపు. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలు అనుకొందాము. మనిషి బిగుసుకొని కూర్చుంటే, 5 సెంటీమీటర్ల రాయి ఎక్కినప్పుడు ఆ బరువంతా 5 సెంటీమీటర్లు పైకి లేవవలెను. దానికి సుమారు 42 జౌళ్ల పని కావలెను. ఆ శక్తి ముందుకు పోయే వేగము నుంచే రావలెను. రెండవ దొంగ స్ప్రింగు. పెడలు తొక్కిన ప్రతిసారీ 70 కిలోల శరీరము ఒక్క సెంటీమీటరు కిందికి దిగి లేచినదనుకొంటే, ఒక్కొక్క తొక్కుడుకు దాదాపు 7 జౌళ్లు. నిమిషానికి 75 చుట్లు, అనగా 150 తొక్కుళ్లు. ఆ శక్తి ఏమాత్రమూ తిరిగిరాక వేడిగా మారిపోయినదనుకొంటే, ఆ నష్టము 17 వాట్లు! ఉన్న నూరులో ఇది చిన్న దొంగతనము కాదు. మొదటి దొంగను పట్టడానికి స్ప్రింగు పెడితే రెండవ దొంగ ఇంట్లో దూరుతాడు. సైకిలు స్ప్రింగుల చరిత్ర అంతా ఈ ఇద్దరి నడుమ నడిచిన వ్యవహారమే.

ఈ చరిత్ర మీద నాకు శ్రద్ధ కలగడానికి మా కళాశాల విద్యార్థి ఒకడు కారణము. బెంగుళూరులో ఉద్యోగము చేసే వాళ్ల చిన్నాన్న కొడుకు తాను వాడిన కొండబాట సైకిలును వీడికి ఇచ్చాడు. ముందు వెనుక రెండు చక్రాలకూ గాలితో పనిచేసే షాకబ్జర్లు ఉన్న ఖరీదైన సైకిలు. వారము తిరగకుండా దానిని నడిపించుకొంటూ నా దగ్గరకు వచ్చాడు.

"సార్, సీటు మీద కూర్చుంటే చాలు, కిందికి దిగిపోయేది. షాపులో చూపిస్తే గాలి గట్టిగా కొట్టి ఇచ్చారు. ఇప్పుడు దిగడము లేదు గాని, మామూలు సైకిలు కంటే ఎక్కువ ఎత్తేస్తున్నది. లోపము ఎక్కడున్నదంటారు?"

లోపము సైకిలులో లేదు. కూర్చున్నప్పుడు కొంచెము కుంగడమే ఆ సైకిలు ధర్మము. ఎందుకు కుంగవలెను, ఎంత కుంగవలెను అన్నది తెలియాలంటే కథ మొదటి నుంచి చెప్పవలెను.

గాలి టైరు గెలుపు

1880 దశకములో సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలే ఉండేవి. రాతి పరుపు వీధులలో ఆ సైకిలు తొక్కడము శిక్షగా ఉండేది. 1885లో ఇంగ్లాండులో లిన్లీ, బిగ్స్ అనేవారి సంస్థ 'విప్పెట్' అనే స్ప్రింగు ఫ్రేము సైకిలును తెచ్చింది. అందులో ఒక తెలివి ఉన్నది. హ్యాండిలు, సీటు, పెడళ్లు – మనిషి తాకే ఈ మూడింటినీ ఒకదానికొకటి దూరము మారకుండా బిగించి, మిగిలిన ఫ్రేమునూ చక్రాలనూ స్ప్రింగు ద్వారా విడదీశారు. ఎంత ఊగినా సీటు నుంచి పెడలుకు ఉన్న దూరము మారదు కనుక కాలి సాగుడు చెడదు. ఈనాటి కొండబాట సైకిలు కూడా ఈ నియమమునే పాటిస్తున్నది.

విప్పెట్ మూడేండ్లు నిండకముందే దానికి పోటీ పుట్టింది. బెల్‌ఫాస్టు నగరములో పశువైద్యము చేస్తున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాలు తొడిగి, 1888లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు విల్లీ హ్యూమ్ అనే పందెగాడు గాలి టైర్ల సైకిలుతో బెల్‌ఫాస్టు పందేలలో గెలిచాడు. ఆ తరువాత సందేహమన్నది మిగలలేదు. ఇదే ఆలోచనకు స్కాట్లాండువాడైన రాబర్ట్ విలియమ్ థామ్సన్ 1845లోనే పేటెంటు పొందాడు. ఆ కారణముగా డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అయినా లోకములో నిలిచినది డన్‌లప్ పేరే.

గాలి టైరు కూడా స్ప్రింగే. అది నేల తాకే చోటనే ఉన్న స్ప్రింగు. దానికి కీలు లేదు. చిన్న రాయి తగిలితే రాయి ఉన్న మేరకే టైరు నొక్కుకొంటుంది. ఇరుసు దాదాపు కదలదు. రెండవ దొంగకు అది పెద్దగా సందు ఇవ్వదు. అందువల్ల స్ప్రింగు ఫ్రేములు కొద్ది ఏండ్లలోనే అంతరించాయి. సైకిలు ఫ్రేము బిగువుగా ఉండవలెను, మెత్తదనము టైరులో ఉండవలెను అన్నది దాదాపు నూరేండ్లు వేదవాక్యమైనది.

నడుమ ఒక్కరు గట్టిగా ఎదురు చెప్పారు. బ్రిటిషు ఇంజనీరు అలెక్స్ మోల్టన్ 1959లో వచ్చిన 'మినీ' మోటారు కారుకు రబ్బరు స్ప్రింగులు రూపొందించినవాడు. 1962లో ఆయన చిన్న చక్రాల సైకిలు తెచ్చాడు. చిన్న చక్రము కుదుపును ఎక్కువగా చూపుతుంది కనుక, ముందు వెనుక రెంటికీ రబ్బరుతో సస్పెన్షన్ పెట్టాడు. ఆ ఏడే జాన్ వుడ్‌బర్న్ మోల్టన్ సైకిలు మీద కార్డిఫ్ నుంచి లండను వరకు ఉన్న రికార్డును బద్దలుకొట్టాడు. స్ప్రింగు ఉన్న సైకిలు తప్పనిసరిగా మందకొడి కాదని రుజువైనది. అయితే అది తారురోడ్ల సైకిలు. కొండబాట కథ సముద్రానికి అవతల, మరొక రకము మనుషులతో మొదలైనది.

గ్రీజు కాలిన కొండ

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మరీన్ జిల్లాలో టమల్‌పాయిస్ అనే కొండ ఉన్నది. ఎత్తు సుమారు 785 మీటర్లు. 1970 దశకములో అక్కడి యువకులు పాత సామాన్ల దుకాణాలలో దొరికే 1930, 40 నాటి ష్విన్ సైకిళ్లను కొని, అడవి మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన మట్టిదారులలో కొండ దిగేవారు. ఆ పాత సైకిళ్లనే ఎందుకు ఎంచుకొన్నారు? ష్విన్ సంస్థ 1933లో పిల్లల కోసం 'బెలూన్' టైరు తెచ్చింది. రెండు అంగుళాలకు పైగా లావున్న ఆ టైరులో గాలి తక్కువ ఒత్తిడితో ఎక్కువ పరిమాణములో ఉంటుంది. రాళ్ల మీద అదే వాళ్ల సస్పెన్షన్.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి 'రీప్యాక్' పందెము జరిగింది. సుమారు 3 కిలోమీటర్ల దారిలో 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకు పెడలు వెనుకకు తొక్కితే పట్టే బ్రేకు, వెనుక చక్రపు హబ్బులోనే ఉండేది. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బు ఎంత వేడెక్కేదంటే లోపలి గ్రీజు పొగై పోయేది. మరల దిగాలంటే గ్రీజు మళ్లీ నింపుకోవలసినదే. పందేనికి ఆ పేరు వచ్చినది అందుకే. ఎత్తు మీద ఉన్న స్థితిజశక్తి ఏమవుతుందో ఇంతకంటే స్పష్టముగా చెప్పే పాఠము ఏ ప్రయోగశాలలో దొరుకుతుంది?

పాత ఫ్రేములు విరగసాగాయి. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకముగా కొత్త ఫ్రేము తయారుచేశాడు. ఆ మొదటి 'బ్రీజర్' ఈనాడు అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇద్దరూ టామ్ రిచీ చేసిన ఫ్రేములతో 'మౌంటెన్ బైక్స్' అనే పేరున వ్యాపారము పెట్టారు. ఈ జాతి సైకిలుకే ఆ పేరు నిలిచిపోయింది. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ 'స్టంప్‌జంపర్' పేరుతో పెద్ద సంఖ్యలో అమ్మడముతో కొండ సైకిలు మామూలు దుకాణములోకి వచ్చింది. వీటిలో దేనికీ స్ప్రింగు లేదు. లావు టైరు, మోచేతులు, మోకాళ్లు – ఇవే కుదుపును మింగేవి.

ముందు చక్రము

మోటారు సైకిలు ముందు చక్రపు గొట్టాలలో స్ప్రింగు, ఆయిలు ఉంటాయి. ఈ రకము ఫోర్కును బీఎండబ్ల్యూ సంస్థ 1935లోనే తన మోటారు సైకిళ్లకు పెట్టింది. దానిని సైకిలుకు దించడానికి అరశతాబ్దము పైన పట్టింది. కారణము బరువు. మోటారు సైకిలులో రెండు కిలోలు పెరిగితే ఎవరూ పట్టించుకోరు. సైకిలులో ఆ రెండు కిలోలనూ కాళ్లే ఎక్కించవలెను.

మోటారు సైకిలు పందేల అనుభవమున్న పాల్ టర్నర్, స్టీవ్ సైమన్స్ ఇద్దరూ కలిసి 1989లో 'రాక్‌షాక్స్' సంస్థను ఆరంభించి, ఆర్‌ఎస్-1 అనే తేలికైన ఫోర్కు తెచ్చారు. ఇనుప స్ప్రింగు బదులు గాలి, దానికి తోడు ఆయిలు. చక్రము కదిలేది సుమారు 50 మిల్లీమీటర్లే. 1990లో కొలరాడోలోని డురాంగోలో అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య జరిపిన మొట్టమొదటి ప్రపంచ కొండ సైకిలు పోటీలలో, గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ ఫోర్కుతో దిగుడు పందెము గెలిచాడు. ముందు చక్రము సంగతి అక్కడితో చాలావరకు తేలిపోయింది. పెడలు బలము ముందు చక్రానికి పోదు కనుక, రెండవ దొంగ అక్కడ అంత చురుకుగా పనిచేయలేడు. కష్టమంతా వెనుక చక్రముతోనే వచ్చింది.

వెనుక చక్రము చిక్కు

వెనుక చక్రమును ఫ్రేముకు నేరుగా బిగించక, ఒక కీలు మీద ఊగే చేతికి బిగించి, ఆ చేతికీ ఫ్రేముకూ నడుమ షాకబ్జర్ పెట్టినామనుకొందాము. పెడలు తొక్కగానే సైకిలు ముందుకు ఉరుకుతుంది. బస్సు కదిలినప్పుడు నిలబడ్డవారు వెనుకకు తూలినట్లే, మన బరువు వెనుకకు ఒరుగుతుంది. షాకబ్జర్ కుంగుతుంది. తొక్కుడు తగ్గగానే లేస్తుంది. ఇదీ ఊగులాట.

దీనిని ఆపడానికి ఆయుధము సైకిలులోనే ఉన్నది. అది చైను. కీలును తగిన ఎత్తులో పెడితే, చైను లాగిన లాగుడు వెనుక చక్రమును నేలకు నొక్కే వైపు పనిచేస్తుంది. కుంగదీసే బలమును అది ఖండిస్తుంది. అయితే కీలును మరీ పైన పెట్టకూడదు. అట్లా పెడితే చక్రము రాయి ఎక్కి లేచినప్పుడు, పెడలు దగ్గరి పళ్లచక్రానికీ వెనుక పళ్లచక్రానికీ దూరము పెరిగి, చైను పెడలును వెనుకకు గుంజుతుంది. ఎక్కుడులో తొక్కేవాని పాదానికి ఆ తన్ను తెలుస్తుంది. పైగా ఆ రోజులలో ముందు మూడు పళ్లచక్రాలు ఉండేవి. ఒకదాని మీద కుదిరిన లెక్క మరొకదాని మీద తప్పేది.

1990 దశకములో ఈ చిక్కుకు రకరకాల విడుపులు వచ్చాయి. మోటారు సైకిలు పందేలలో జాతీయ విజేత అయిన మెర్ట్ లావిల్, గ్యారీ ఫిషర్ సంస్థకు నాలుగు కడ్డీలు నాలుగు కీళ్ల అమరికతో సైకిలు రూపొందించాడు. ట్రెక్ సంస్థ వై ఆకారపు ఫ్రేముతో, పెడళ్లను కూడా ఊగే భాగము మీదనే పెట్టింది. ఇక చైను దూరము మారనే మారదు! చిక్కు విడిపోయినట్లే తోచినది. కాని దిగుడులో మనిషి లేచి పెడళ్ల మీద నిలబడగానే, బరువంతా ఊగే భాగము మీదనే పడి స్ప్రింగు పనిచేయడము తగ్గేది. కుదుపు ఎక్కువైన చోటనే సస్పెన్షన్ నిద్రపోయేది. విప్పెట్ పాటించిన నియమమును – సీటుకూ పెడలుకూ దూరము మారకూడదన్నదానిని – మరచిన ఫలితము కూడా అందులో కనిపించింది. ఆ రకము కొద్ది ఏండ్లకే వెనుకబడింది.

నిలిచిన విడుపులలో ఒకటి హోర్స్ట్ లైట్నర్‌ది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మోటారు సైకిలు పందెగాడు, తరువాత కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. చైను లాగుడు సస్పెన్షన్‌ను చెరచకుండా మోటారు సైకిళ్ల కోసం ఇంతకు ముందే ఒక పరికరము చేసిన అనుభవము ఆయనకున్నది. సైకిలులో ఆయన చేసిన మార్పు చూడడానికి చాలా చిన్నది: వెనుక ఇరుసుకు కొంచెము ముందు, కొంచెము కింద ఒక కీలు. దానితో చక్రము ఒకే కీలు చుట్టూ వృత్తములో తిరగడము మాని, క్షణక్షణమూ స్థానము మార్చుకొనే ఒక ఊహాకేంద్రము చుట్టూ తిరుగుతుంది. ఆ కేంద్రమును ఎక్కడ ఉంచవలెనో రూపకర్త నిర్ణయించుకోవచ్చు. బ్రేకు పట్టినప్పుడు స్ప్రింగు బిగుసుకోవడము కూడా తగ్గుతుంది. 1998లో స్పెషలైజ్డ్ సంస్థ ఈ పేటెంటును కొనుక్కొన్నది. 2013లో గడువు తీరేవరకు ఇతర సంస్థలు అమెరికాలో వేరు దారులు వెదుక్కోవలసి వచ్చింది. 2000 తరువాత డేవ్ వీగల్ రెండు పొట్టి కడ్డీలతో రూపొందించిన అమరిక అట్టి దారులలో ప్రసిద్ధమైనది.

మరొక విడుపు షాకబ్జర్ లోపలే వచ్చింది. స్పెషలైజ్డ్ సంస్థ 'ఎపిక్' అనే సైకిలులో 'బ్రెయిన్' అనే కవాటము పెట్టింది. ఒక చిన్న బరువు స్ప్రింగు మీద కూర్చుని ఆయిలు దారిని మూసి ఉంచుతుంది. మనిషి పై నుంచి తొక్కితే దారి తెరుచుకోదు. నేల నుంచి చక్రము ఎగిరితే, గొట్టము చక్రముతో పైకి పోతుంది గాని లోపలి బరువు తన జడత్వము వల్ల ఉన్నచోటనే ఉండిపోతుంది. దారి తెరుచుకొంటుంది. న్యూటను మొదటి సూత్రము ఇక్కడ కావలివాడై, వచ్చినవాడు మనిషా, రాయా అని గుర్తుపడుతున్నది! 2012 లండను ఒలింపిక్సులో చెక్ దేశస్థుడు యారోస్లావ్ కుల్హావీ ఎపిక్ మీద కొండ సైకిలు పందెములో స్వర్ణము గెలిచాడు. ఎక్కుడు ఎక్కువగా ఉండే పందెములో రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉన్న సైకిలు ఒలింపిక్సు గెలవడము అదే మొదలు. అదే ఏడు శ్రామ్ సంస్థ ముందు ఒకే పళ్లచక్రము, వెనుక 10 నుంచి 42 పళ్ల వరకు పదకొండు చక్రాలు గల అమరిక తెచ్చింది. మూడు లెక్కలు ఒకే లెక్క అయినాయి. కీలు స్థానము నిర్ణయించడము సులువైనది.

ఆయిలు చేసే పని

మన బజార్లలో కూడా, వెనుక ఒక లావు ఇనుప స్ప్రింగు ఉన్న చవక సైకిళ్లు చాలా ఏండ్లుగా అమ్ముతున్నారు. పిల్లలు మోజుపడి కొంటారు. తొక్కితే గుర్రపుస్వారీ వలె ఊగుతాయి. చాలావాటిలో స్ప్రింగు ఉన్నది గాని ఆయిలు లేదు. స్ప్రింగు శక్తిని దాచి తిరిగి ఇచ్చేస్తుంది. ఆయిలు లేనిదే ఆ డోలనాలు త్వరగా ఆగవు.

కార్యాలయాలలో తలుపును మెల్లగా మూసే పరికరమును చూచే ఉంటారు. లోపలి స్ప్రింగు తలుపును మూస్తుంది, ఆయిలు సన్నని రంధ్రము గుండా పారుతూ దానిని నెమ్మదింపజేస్తుంది. మర తిప్పితే రంధ్రము చిన్నదై తలుపు ఇంకా మెల్లగా మూసుకొంటుంది. మర వదులైతే తలుపు ధన్‌మని కొట్టుకొంటుంది. షాకబ్జరు మీద ఎర్రగా ఉండే చిన్న మర సాధారణముగా ఇదే పని చేస్తుంది. కుంగిన స్ప్రింగు తిరిగి లేచే వేగమును అది నిర్ణయిస్తుంది. మరీ వేగముగా లేస్తే సైకిలు మనిషిని విసురుతుంది. మరీ మెల్లగా లేస్తే, ఒక రాయి తరువాత మరొక రాయి వచ్చేసరికి స్ప్రింగు పూర్తిగా లేవక, క్రమముగా కిందనే ఉండిపోయి గట్టిపడుతుంది.

ఇక గాలి స్ప్రింగు. ఇనుప స్ప్రింగు హుక్ నియమమును అనుసరిస్తుంది: రెట్టింపు కుంగితే రెట్టింపు బలము. గాలి బాయిల్ నియమమును అనుసరిస్తుంది. ఉష్ణోగ్రత మార్పును వదిలి లెక్కవేద్దాము. 100 ఘనసెంటీమీటర్ల గాలిని 40కి నొక్కితే పీడనము రెండున్నర రెట్లు అవుతుంది. ఆ గదిలో ముందే 10 ఘనసెంటీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ల పెడితే 90 కాస్తా 30కి దిగుతుంది. పీడనము మూడు రెట్లు. ఆరంభములో దాదాపు అంతే మెత్తన, చివర మాత్రము మరింత గట్టిదనము. చివరివరకు కుంగి ఠక్కున తగులుతున్న షాకబ్జరుకు ఈ చిన్న బిళ్లే మందు.

సైకిలును మనిషికి అమర్చడము

ఇప్పుడు మా విద్యార్థి సైకిలు దగ్గరకు వద్దాము. చక్రము గుంటలో పడినప్పుడు కిందికి కూడా దిగగలగవలెను. అప్పుడే టైరు నేలను వదలదు, పట్టు పోదు. స్ప్రింగు ముందే కొంత కుంగి ఉంటేనే అట్లా దిగడానికి చోటు ఉంటుంది. కూర్చున్నప్పుడు కుంగవలసినది ఇందుకే. వెనుక షాకబ్జరు కదలికలో 25 నుంచి 30 శాతము, ముందు ఫోర్కులో 15 నుంచి 20 శాతము కుంగడము కొండబాట సైకిలుకు సాధారణముగా సరిపోతుంది.

వాని సైకిలులో వెనుక చక్రము 130 మిల్లీమీటర్లు కదులుతుంది, షాకబ్జరు 50 మిల్లీమీటర్లే కదులుతుంది. మీట నిష్పత్తి 2.6. వాని బరువులో 45 కిలోలు వెనుక చక్రము మీద పడితే, షాకబ్జరు మీద పడేది సగటున 117 కిలోల బరువుకు సమానము. టైరులో చదరపు అంగుళానికి 25 పౌన్లు చాలినచోట షాకబ్జరులో 150, 200 పౌన్లు ఎందుకు కావలెనో దీనివల్ల తెలుస్తుంది. షాపువారు కొట్టినది 250. కడ్డీ మీద ఉన్న రబ్బరు ఉంగరమును పైకి తోసి, వాణ్ని మెల్లగా కూర్చోబెట్టి దింపితే, ఉంగరము 6 మిల్లీమీటర్లే జరిగింది. కావలసినది 50లో 30 శాతము, అనగా 15.

గాలి కొద్దికొద్దిగా వదిలాము. ప్రతిసారీ సైకిలును పదిసార్లు అదిమి లేపాము. షాకబ్జరు లోపల స్ప్రింగుకు ఇరువైపులా ఉన్న రెండు గాలి గదులూ సన్నని దారి గుండా సమానమయ్యేది అప్పుడే. "సార్, పంపు మళ్లీ తగిలిస్తే ముల్లు ముందటికంటే తక్కువ చూపుతున్నది, గాలి కారుతున్నదా?" అన్నాడు. కారడము లేదు. ఆ చిన్న గదిలోని గాలి కొంత పంపు గొట్టములోకి పోయింది, అంతే. ఇదీ బాయిల్ పాఠమే. 165 దగ్గర ఉంగరము 15 వద్ద నిలిచింది.

తరువాత లేచే వేగము. సీటు మీద కూర్చునే ఒక మెట్టు దింపమన్నాను. కుంగి, లేచి, ఒక్కసారి కొద్దిగా దాటి నిలిస్తే చాలు. రెండు మూడుసార్లు ఊగితే మర బిగించవలెను. అటుపైన మా ఊరి చెరువుగట్టు దారిలో ఒకే ముక్కను పదేపదే తొక్కి, ఒకసారికి ఒక్క మరను మాత్రమే మార్చి, నోటుపుస్తకములో రాసుకోమన్నాను. రెండు మరలు ఒకేసారి తిప్పినవానికి మంచి దేనివల్ల వచ్చిందో, చెడు దేనివల్ల వచ్చిందో ఎన్నటికీ తెలియదు. ప్రయోగశాలలో మేము చెప్పేదీ ఇదే.

భాగాలు మార్చేముందు

సైకిలు చేతికి రాగానే ఏ భాగము మార్చుదామా అని ఉబలాటము పుడుతుంది. మొదట మార్చవలసినవి టైర్లు. డన్‌లప్ చెప్పిన పాఠము పాతబడలేదు. నేలను తాకేది టైరే. ట్యూబు లేని టైరు అమరికను మావిక్ సంస్థ 1999లో కొండ సైకిళ్లకు తెచ్చింది. ట్యూబు లేకపోతే అది రాయికీ రిమ్ముకూ నడుమ నలిగి పంచరు పడే భయము ఉండదు కనుక, గాలి ఇంకా తగ్గించి తొక్కవచ్చు. ఆ తరువాత బ్రేకు బిళ్లలు. ఆ తరువాత హ్యాండిలు మీద మీట నొక్కగానే దిగే సీటు గొట్టము. దిగుడులో సీటు కిందికి పోతేనే మోకాళ్లు స్వేచ్ఛగా వంగి, అన్నిటికంటే పాతదైన ఆ సస్పెన్షన్ పనిచేస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. జో బ్రీజే 1984లో జాష్ ఏంజెల్‌తో కలిసి సీటును ఎక్కించి దింపే ఒక స్ప్రింగును అమ్మాడు.

పొడవైన ఫోర్కు వేయాలన్న కోరిక విషయములో జాగ్రత్త అవసరము. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడవైతే హ్యాండిలు గొట్టపు కోణము సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. 1990 దశకములో ఆ కోణము సుమారు 71 డిగ్రీలు. ఈనాటి కొండబాట సైకిళ్లలో 65 దగ్గరకు వచ్చింది. వాలినకొద్దీ నిటారు దిగుడులో ధైర్యము పెరుగుతుంది గాని, మెల్లగా ఎక్కేటప్పుడు ముందు చక్రము తేలిపోతుంది. ఫ్రేము మెడ మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. కొత్త ఫోర్కు కొనే డబ్బులో చిన్న భాగముతో పాత ఫోర్కు సీళ్లు తుడిచి, కింది గొట్టాలలో ఆయిలు మార్పిస్తే అదే కొత్తదైనట్లు కదులుతుంది. సుమారు 50 గంటల స్వారీకి ఒకసారి అట్లా చేయడము మంచిది.

వారము తరువాత ఆ విద్యార్థి నోటుపుస్తకము తెచ్చి చూపించాడు. ముందు చక్రములో గాలి ఐదు పౌన్లు తగ్గించినాడట, లేచే వేగము రెండు మెట్లు మార్చినాడట. ఏ భాగమూ కొనలేదు. "సార్, మా చెల్లెలు తొక్కితే మళ్లీ గట్టిగా ఉన్నదంటున్నది" అన్నాడు. ఉండదా మరి! ఆ అమ్మాయి బరువు 48 కిలోలు. విప్పెట్ నుంచి ఎపిక్ వరకు ఇంతమంది ఇన్నేండ్లు శ్రమపడి రూపొందించిన యంత్రములో చివరి భాగము మాత్రము ఏ కర్మాగారములోనూ తయారుకాదు. అది సీటు మీద కూర్చునే మనిషి. ఆ మనిషి మారితే లెక్క మొదటి నుంచి వేయవలసినదే. చెల్లెలి కోసం నోటుపుస్తకములో కొత్త పుట తీయమని చెప్పాను.